విశాఖతీరమున రస్సెల్ వైద్యుడు

ఓరుగల్లు సీమలో పెరిగిన బాలునకు చేపలన్నచో చెఱువు చేపలే. పాకాల చెఱువు గట్టుననో, రామప్ప చెఱువు తూముకడనో నిలిచి, వలలో పడిన చేపను చూచిన తోడనే ఇది కొఱ్ఱమట్ట, ఇది జెల్ల, ఇది బొచ్చె అని అతడు తడువుకొనక చెప్పగలడు. ఆ బాలునే విశాఖపట్టణపు తీరమునకు కొనిపోయి, తెల్లవాఱుజామున తెప్పలు ఒడ్డు చేరువేళ ఇసుకపై కుప్పవోసిన చేపల యెదుట నిలిపినచో, అతని నోట మాట రాదు. ఒకటి చాటవలె పలుచగా వెడల్పుగా నుండును. ఒకటి వెండి పట్టీవలె బారుగా మెఱయుచుండును. ఒకదాని వంటిమీద పులిచాఱలు, మఱియొకదాని తోకకడ నల్లని బొట్టు. కొన్నింటిని తాకబోయినచో జాలరి స్త్రీలు కేకవేసి చేయి వెనుకకు లాగుదురు. ఇన్ని రూపములలో ఏది యేదియో తెలియుట యెట్లు? తెలిసినవారు ఎవరు?

ఈ ప్రశ్ననే అదే తీరమున, నేటికి రమారమి 240 ఏండ్లకు పూర్వము, ఒక పరదేశపు వైద్యుడు వేసికొనెను. ఆయన పేరు పాట్రిక్ రస్సెల్. మన దేశమున ఆ పేరు చాలమందికి ఒక విషసర్పము మూలముగా మాత్రమే తెలియును. రక్తపింజరకు ఆంగ్లమున రస్సెల్ పామని పేరు. కాని ఆయన తన కడపటి యేండ్లలో ముద్రింపించిన మఱియొక గ్రంథము కలదు. అది విశాఖతీరపు చేపలను గూర్చినది. ఆ గ్రంథమున ప్రతి చేపకును తలకట్టుగా నున్నది లాటిను పేరు కాదు, ఆంగ్లపు పేరును కాదు, తెలుగు పేరు.

రస్సెల్ స్కాట్లండు దేశమునందలి ఎడింబరో నగరమున 1727వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన జన్మించెను. తండ్రి న్యాయవాది. ఆయనకు సంతానము పెద్దది. వారిలో అలెగ్జాండరు అను సవతి అన్న పాట్రిక్ జీవితమునకు దారి చూపినవాడు. అలెగ్జాండరు వైద్యుడై, సిరియా దేశమునందలి అలెప్పో నగరమున ఆంగ్ల వర్తకుల కొలువులో నుండెను. పాట్రిక్ కూడ ఎడింబరోలో వైద్యవిద్య ముగించి 1750లో అన్నను చేరుకొనెను. 1753లో అన్న స్వదేశమునకు మరలిపోగా, ఆ యుద్యోగము తమ్మునకు దక్కెను. అచట ఆయన 1771వఱకు నిలిచెను.

అలెప్పోలో రస్సెల్ అరబ్బీ భాష నేర్చెను. ఆ యూరి ధనికుల యిండ్లకును పేదల గుడిసెలకును సమానముగా పోవుచుండెను. 1760 మొదలు 1762వఱకు ఆ నగరమును మహామారి ప్లేగు పీడించెను. రోగులను పరీక్షించుచు, ఎవరికి ఏ దినమున గడ్డలు లేచినవి, ఎవరు బ్రదికిరి, ఎవరు పోయిరి అను వివరములను ఆయన వ్రాసి యుంచుకొనెను. ఆ వ్రాతలే పిమ్మట 1791లో ప్లేగును గూర్చిన గొప్ప గ్రంథముగా వెలువడినవి. ఆ దేశపు పాషా రస్సెల్ సేవలను మెచ్చి, తలపాగా ధరించు గౌరవమును ఆయనకు ప్రసాదించెను. పరమతస్థునకు అది సామాన్యమైన మన్నన కాదు.

అలెప్పోలో జరిగిన మఱియొక సంగతి చిన్నదియే యైనను ఆయన స్వభావమును ఎక్కువగా తెలుపును. ఒక ధనికుని అంతఃపురమున రోగులను చూడబోయినప్పుడు, అచటి యొక ముసలి బెదూయిను స్త్రీ మశూచికము రాకుండ పిల్లలకు సూదితో రోగరసమును ఎక్కించు పద్ధతిని ఎఱుగునని ఆయనకు తెలిసెను. ఎడారివాసులు ఆ పనిని మశూచికమును కొనుట అని వ్యవహరించుచుండిరి. పిల్లవాడు ఎండుద్రాక్షపండ్లో, మిఠాయియో వెలగా ఇచ్చి రోగమును కొనుక్కొనునట! చదువురాని ముసలిదాని మాటయని రస్సెల్ దానిని త్రోసివేయలేదు. ఆమెను అడిగి తెలిసికొనెను. పిదప బాగ్దాదు, మోసలు ప్రాంతముల వారిని విచారించెను. ఆ పద్ధతి అరబ్బుదేశములలో ఎంత దూరము వ్యాపించియున్నదో కనుగొని వ్రాయగా, ఆ లేఖ 1768లో లండనునందలి రాయల్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. పని చేయువారిని అడిగి, వారు వాడు మాటనే వ్రాసికొనుట ఆయనకు అప్పటినుండియే అలవాటు.

స్వదేశమునకు మరలిన పిమ్మట రస్సెల్ లండనులో వైద్యవృత్తి సాగించెను. 1777లో రాయల్ సొసైటీ ఆయనను సభ్యునిగా చేర్చుకొనెను. ఏబది నాలుగేండ్లు వచ్చినవి. ఇక సుఖముగా కూర్చుండవలసిన వయస్సు. అట్టి వేళ తమ్ముడు క్లాడ్ రస్సెల్‌కు ఈస్టిండియా కంపెనీవారు విశాఖపట్టణమున అధికారపదవి నిచ్చిరి. క్లాడ్ ఆరోగ్యము అంత బలమైనది కాదు. తమ్ముని ఒంటరిగా పంపుటకు మనస్సొప్పక, వైద్యుడైన యన్న తానును 1781లో ఓడ నెక్కెను.

ఉత్తర సర్కారులు కంపెనీ చేతిలోనికి వచ్చి అప్పటికి కొలది యేండ్లే అయినది. విశాఖపట్టణము నేటివలె మహానగరము కాదు. ఒక కోట, కొన్ని వర్తకుల యిండ్లు, వాని చుట్టును జాలరి పల్లెలు. రస్సెల్‌కు అచట ఉద్యోగ మేదియు లేదు. తీరికయే ఆయనకు కలిగిన గొప్ప భాగ్యము. చెట్లను, పాములను, చేపలను చూచుచు దినములు గడిపెను.

ఆ కాలమున కంపెనీవారికి దక్షిణదేశపు మొక్కలను పరిశోధించుటకు కోయినిగ్ అను పండితుడు ఉండెను. ఆయన స్వీడను దేశపు మహాశాస్త్రజ్ఞుడగు లినేయసునకు శిష్యుడు. 1785లో కాకినాడ దాపునగల జగన్నాథపురమున కోయినిగ్ మరణించెను. ఆ పదవిని కంపెనీవారు రస్సెల్‌కు అప్పగించిరి. ఏబది యెనిమిదేండ్ల వయస్సున ఆయన కర్ణాటక ప్రాంతమునకు ప్రకృతి శాస్త్రజ్ఞు డయ్యెను. కంపెనీవారు కోరినది వ్యాపారమునకు పనికివచ్చు మొక్కలను. రస్సెల్ ఆ పనిని చేసెను. దానితోబాటు, వారు కోరనిదానిని కూడ చేసెను.

మొదట ఆయన దృష్టి పాములపై నిలిచెను. పొలములలో పాముకాటునకు చచ్చువారి సంగతి వైద్యునిగా ఆయనను బాధించెను. కఱచినది విషపు పామా, కాదా యని తెలియక జనులు పసరులను, మంత్రములను నమ్ముచుండిరి. తంజావూరు మాత్రలను నవి కొన్ని ఆ కాలమున మిక్కిలి పేరుపొందినవి. విషపాముచే కఱపించిన జంతువులకు రస్సెల్ వానిని ఇచ్చి చూచి, ప్రాణము నిలుచునను నమ్మకమునకు తగిన ఆధారము లేదని తేల్చెను. పాము నోరు తెఱచి కోఱలను పరిశీలించుట, విషపు పామునకు తక్కిన పామునకు గల భేదమును గుర్తించుట, దానిని సామాన్యులకు తెలియునట్లు వ్రాసి ప్రచురింపించుట — ఇది ఆయన చేసిన మేలు. పాములు పట్టువారు తెచ్చి యిచ్చిన పాములకు వారు చెప్పిన పేర్లనే ఆయన వ్రాసికొనెను. మన రక్తపింజర ఆయన గ్రంథమున కాటుకరేకుల పొడ యను పేరుతో కానవచ్చును. పామును చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో తెలియును. వీపుమీద కాటుక దిద్దిన రేకులవంటి మచ్చల వరుసలు. బంగారు పాము అని వారు చెప్పిన కట్లపాము జాతికి 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు డోడెన్ బంగారస్ అని పేరు పెట్టగా, మన బంగారము లోకమంతట శాస్త్రగ్రంథములకు ఎక్కెను.

పాములు నలువదికి మించి దొరకినవి. చేపలో! వానికి అంతు లేదు. పాము దొరకినచో సీసాలో సారాయి పోసి భద్రపఱచవచ్చును. అది అంతగా రూపు చెడదు. చేప అట్లు కాదు. నీటినుండి వెలువడిన కొలది నిమిషములలోనే దాని రంగులు మాఱిపోవును. నీలము బూడిదవన్నెకు తిరుగును, పసుపు పాలిపోవును, ఎఱుపు మాసిపోవును. విశాఖ యెండలో మధ్యాహ్నమునకు అది ముక్కు పట్టుకొనవలసిన వస్తువగును. కావున చూడవలసినదంతయు ఉదయముననే చూడవలెను. తెప్ప ఒడ్డున చేరిన తోడనే చేపను ఇంటికి తెప్పించుట, చిత్రకారుడు దానిని ముందుంచుకొని గీయుచుండగా తాను ప్రక్కన కూర్చుండి లెక్కలు వ్రాసికొనుట, పని ముగియకమునుపే అది చెడిపోయినచో మఱునాడు అట్టి చేపను మరల వెదకించుట — ఇట్లు ఈ పని సాగెను. ఆ చిత్రకారులు ఈ దేశమువారే. పొలుసు వెంబడి పొలుసును, ముల్లు వెంబడి ముల్లును వారు గీసిరి.

రస్సెల్ వ్రాసికొన్న లెక్కలేమి? చేపను గుర్తించుటకు రంగును మాత్రమే నమ్మరాదని శాస్త్రజ్ఞులు అప్పటికే యెఱిగియుండిరి. ఒకే చేప పిల్లగా నున్నప్పుడు ఒక రంగున, పెద్దదైన పిమ్మట మఱియొక రంగున ఉండవచ్చును. మాఱనివి రెక్కలు, ముండ్లు, పండ్లు, మొప్పలు. వీపు రెక్క ఒకటియా, రెండా? అందు గట్టి ముండ్లెన్ని, మెత్తని కాడ లెన్ని? ప్రక్కలమీద తలనుండి తోకవఱకు పోవు గీత తిన్నగా నున్నదా, వంగినదా? మొప్పలమూత అంచు నున్నగా నున్నదా, ఱంపమువలె నున్నదా? లినేయసు పద్ధతిలో అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న కడుపు రెక్కలను గూర్చినది. అవి బొత్తిగా లేని చేపలు ఒక తెగ. రొమ్ము రెక్కలకు ముందున్నవి ఒక తెగ. సరిగా వాని క్రిందనున్నవి ఒక తెగ. వెనుకనున్నవి ఇంకొక తెగ. పాఠకుడు ఇంటికి తెచ్చిన ఏ చేపనైనను తిరుగవైచి చూచినచో ఈ భేదము తెలియగలదు. అంతటి లినేయసు కూడ సొరచేపలను, టెంకి చేపలను చేపలలో చేర్చక, కప్పలతోను పాములతోను కలిపియుంచెను! విశాఖ జాలరులు ఆ పొరపాటు చేయలేదు. రస్సెల్ కూడ వానిని చేపల గ్రంథముననే చేర్చెను.

అయితే ఈ లెక్కలన్నియు చేప చేతికి వచ్చిన పిమ్మటి మాట. అది ఏ చేప యని మొదట చెప్పినవారు జాలరులు. రస్సెల్ ప్రతి చేపకును వారి పేరును అడిగి, తన చెవికి వినిపించిన రీతిగా ఆంగ్లాక్షరములలో వ్రాసెను. ఆ పేర్ల పట్టికను చదువుచున్నచో వానిలో ఒక క్రమము కానవచ్చును. చదునైన చేపలలో పెక్కింటికి టెంకి యని పేరు. ఆ టెంకిలలో దేని గుర్తునుబట్టి దానికి వేఱు పేరు. పాలసొర సొరలలో ఒకటి. చందువలలో నల్ల చందువ యున్నది, తెల్ల చందువ యున్నది. కచ్చెలిలోను నల్లది, తెల్లది వేఱు. మొదట ఒక కుటుంబమునకు పేరు, దాని మీద ఒక్కొక్కదానికి విశేషణము. లినేయసు ప్రపంచమునకు నేర్పిన రెండు మాటల నామకరణపద్ధతి ఇట్టిదే గదా! బడి మొగ మెఱుగని జాలరులు దానిని తమ తాతల కాలమునుండి వాడుచుండిరి.

కొన్ని పేర్లు చేప స్వభావమును తెలుపునవి. టెంకిని పోలిన ఒక గుండ్రని చేపకు తిమిరి యని పేరు. దానిని వట్టి చేతితో పట్టుకొన్నవానికి ఆ పేరు ఎందులకు వచ్చినదో అడుగ నక్కఱ లేదు. దాని దేహమున విద్యుత్తు పుట్టును. తాకినంతనే చేయి తిమ్మిరెక్కును. ఆ చేప గుణమును జాలరులు పేరులో నిలిపిరి. దీనిలోను నల్ల తిమిరి వేఱుగా నున్నట్లు రస్సెల్ వ్రాసెను.

అన్నిటికంటె అందమైన పేరు మఱియొకటి కలదు. ఒకనాడు వలలో వచ్చిన చేప చూపఱులను నిలువరించునట్టిది. ఎఱ్ఱని గోధుమవన్నె చాఱలు. వీపుమీద విడివిడిగా నిక్కిన పొడవాటి ముండ్లు. రెండు ప్రక్కల విచ్చుకొన్న ఈకలవంటి రెక్కలు. ఐరోపావారు ఈ జాతిని సింహమునకు పోల్చుదురు. విశాఖ జాలరులు దానిని సింహముతో పోల్చలేదు. వారు సింహమును ఎన్నడు చూచిరి గనుక? జుట్టు నిక్కించి, రెక్కలు విదిలించి పందెమునకు దిగుదానిని వారు ప్రతిదినము చూచుచుండిరి. దానికి కోడిపుంజు అని పేరు పెట్టిరి. రస్సెల్ ఆ పేరునే ఆంగ్లాక్షరములలో వ్రాసెను. ఆ చేప ముండ్లు విషపూరితములు. గ్రుచ్చుకొన్నచో భరింపరాని నొప్పి కలుగును. పందెపు పుంజు కాలికత్తి కూడ అట్టిదే గదా.

ఇచట ఒక చిక్కు వచ్చెను. ఇన్ని చేపలకు గ్రంథమున ఏ పేర్లు పెట్టవలెను? ఆ కాలపు శాస్త్రజ్ఞులలో కీర్తికి దారి ఒకటే. క్రొత్త చేపను చూచినవాడు దానికి లాటినులో రెండు మాటల పేరు పెట్టి ముందుగా ముద్రింపవలెను. ఆ పేరు వెంట అతని పేరు కలకాలము నిలుచును. రస్సెల్ చేతిలో అట్టి క్రొత్త చేపలు ఎన్నియో యుండెను. ఆయన చేప ఏ కుటుంబమునకు చెందినదో లాటినులో తెలిపి, లక్షణములు వ్రాసి, పటమునకు మాత్రము తెలుగు పేరును ఉంచెను. లినేయసు చెప్పిన చేపయేనని నిశ్చయము కుదిరినచోట ఆ మాటయు చెప్పెను. కుదరనిచోట తొందరపడలేదు. ఊహతో పెట్టిన లాటిను పేరు తప్పు కావచ్చును. కాని తీరమునకు పోయి కానగుర్త కావలెనన్నచో జాలరి ఇచ్చు చేప ఎన్నటికిని అదే. ముందు రాబోవు పరిశోధకునకు దారి తప్పని గుర్తు ఆ పేరే. ఈ నిర్ణయమువలన రస్సెల్ తనకు రావలసిన కీర్తిలో కొంత పోగొట్టుకొనెను. అది ఆయనకు తెలియనిది కాదు.

ఆయన పనిలో లోపములు లేకపోలేదు. పరదేశీయుని చెవికి తెలుగు హల్లులు సరిగా పట్టువడవు. కొన్ని పేర్లు ఆంగ్లాక్షరములలో ఎంత వంకరలు పోయినవనిన, నేటి తెలుగువాడు వానిని చదివి మూలమును పోల్చుకొనలేడు. పటములకు రంగులు వేయలేదు; రంగులను మాటలలోనే చెప్పవలసివచ్చెను. ఇంకొక లోపము దీనికంటె పెద్దది. ప్రతి చేప పేరును పదిలముగా వ్రాసిన ఆ చేయి, ఆ పేరు చెప్పిన జాలరులు ఎవరో మనకు తెలియనీయలేదు. ఏ పల్లెవాడు, ఏ తెప్పవాడు ఆయనకు కోడిపుంజును తెచ్చి యిచ్చెనో నేడు ఎవ్వరును చెప్పజాలరు. ఆ కాలపు దొరలకు అట్టివి వ్రాయవలెనను తలంపే రాదు. రస్సెల్ కూడ ఆ కాలపువాడే.

1789లో రస్సెల్ స్వదేశమునకు బయలుదేరెను. ఆయన స్థానమున రాక్స్‌బరో నియమితు డయ్యెను. కోరమాండలు తీరపు మొక్కలను గూర్చి రాక్స్‌బరో వ్రాసిన ప్రసిద్ధ గ్రంథము వెలువడుటకు తోడ్పడినవారిలో రస్సెల్ ముఖ్యుడు. 1795లో ప్రచురణ మారంభమైన దానికి పీఠిక వ్రాసినవాడును ఆయనయే. లండనులో తన సొంత గ్రంథములు ఒకదాని వెంట నొకటి వెలువడినవి: ప్లేగు, అలెప్పో చరిత్రకు క్రొత్త కూర్పు, 1796లో పాములు. చేపల పటములు మాత్రము పెట్టెలోనే యుండెను. వానిని రాగిరేకులపై చెక్కించుటకు ధనము, ఓర్పు, ఆయువు మూడును కావలెను. ఆయనకు మొదటి రెండును ఉండెను, మూడవది తఱుగుచుండెను. విశాఖను విడిచిన పదునాలుగేండ్లకు, 1803లో, విశాఖపట్టణమున సేకరించిన రెండు వందల చేపల గ్రంథము రెండు సంపుటములుగా లండనులో అచ్చయ్యెను. అప్పటికి ఆయనకు 76 ఏండ్లు. రెండేండ్లకు, 1805 జూలై 2వ తేదీన, లండనులోనే కన్నుమూసెను. ఆయన వివాహ మాడలేదు.

గ్రంథము పారిసు చేరెను. అచట కువ్యే అను మహాశాస్త్రజ్ఞుడు ప్రపంచపు జంతువులన్నిటిని క్రమపఱచుచుండెను. రస్సెల్ ఖాళీగా విడిచిన లాటిను పేర్లను పెట్టుపని ఆయనకును, ఆయన తరువాతివారికిని వచ్చెను. కానగుర్త పటమును చూచి కువ్యే 1816లో ఆ చేపకు కానగుర్త యనియే శాస్త్రనామ ముంచెను. నేటికిని హిందూమహాసముద్రమునందంతట, ఆఫ్రికా తీరమునుండి ఇండోనేషియావఱకు, ఏ భాషవాడు వ్రాసినను ఆ చేప శాస్త్రనామము రాస్ట్రెల్లిజర్ కానగుర్తయే. ఆయన శిష్యుడు వాలెన్సియెన్ 1836లో ఒక కత్తిపరిగె జాతిచేపకు రస్సెల్ వ్రాసిన కన్నెసి యను పేరుతో కన్నేసియస్ అని నామకరణము చేసెను. తలకడ కొమ్ములవంటి రెక్కలతో సముద్రమున ఎగురునట్లు ఈదు ఒక పెద్ద టెంకి యున్నది. రస్సెల్ దానిని ఎరెగూడూ టెంకి యని వ్రాసెను. 1849లో కాంటరు, 1859లో బ్లీకరు ఆ మాటలనే శాస్త్రనామముగా గ్రహించిరి. లాటిను పేర్ల నడుమ ఆ పేరు పలుకలేక ఎందఱు పండితులు నాలుక మడతవేసికొనిరో!

రస్సెల్ తనకు పెట్టుకొనని పేరును ఇతరులు ఆయనకు పెట్టిరి. రక్తపింజరకు 1797లోనే జార్జి షా ఆయన పేరును చేర్చెను. కోడిపుంజు పటమును ఆధారముగా కొని 1831లో బెన్నెట్టు ఆ చేపకు టెరోయిస్ రస్సెలీ యను పేరు పెట్టెను. ఎఱ్ఱసముద్రపు చేప నొకదానిని పరీక్షించిన ర్యూపెల్ 1830లోను, వీపున నల్లని బొట్టుగల యొక పగడపు దిబ్బల చేపను జావాద్వీపమున చూచిన బ్లీకరు 1849లోను వానికి రస్సెల్ పేరునే ఉంచిరి.

రస్సెల్ ఎన్నడును నీటిలో మునిగి చేపలను చూచినవాడు కాడు. ఆ కాలమున అట్టి సాధనము లేదు. ఊపిరితిత్తులకు కావలసిన గాలిని వీపుమీది గొట్టములో మోసికొనిపోవు ఉపకరణమును ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అనువారు 1943లో రూపొందించిన పిమ్మట మనుజునకు చేపల నడుమ ఈదుచు నిలుచుట సులభమయ్యెను. నేడు అండమాను, లక్షద్వీపముల పగడపు దిబ్బలలోను, విశాఖ రాళ్ల నడుమను మునుగువారు కలరు. వారికి చేప ప్రాణముతో, రంగులతో కానవచ్చును. కాని అది ఒకచోట నిలిచి తన ముండ్లను లెక్కింపనీయదు. రెండు క్షణములలో చూచి, ఒక్క గుర్తును పట్టుకొనవలెను. కోడిపుంజు జాతిలోనే పెక్కు తెగలున్నవి. వెనుక రెక్కలమీదను తోకమీదను నల్లని చుక్కలు చల్లినట్లున్నచో అది వేఱొక తెగ. ఆ రెక్కలు చుక్కలు లేక తేటగా నున్నచో అది రస్సెల్ పేరు గలది. మునిగినవాడు దానిని దూరమునుండియే చూచి మరలవలెను, చేయి చాపరాదు.

ఒడ్డున జాలరి స్త్రీ కేకవేసి చేయి లాగునది కూడ అట్టి చేపను తాకబోయినప్పుడే. విశాఖ చేపలరేవున ఉదయమున కానగుర్తలు ఇప్పటికిని కుప్పలుగా పడుచున్నవి. కొందఱు కానగుర్త యందురు, కొందఱు కానాగంత యందురు. అమ్మువారికి కువ్యే పేరు తెలియదు, రస్సెల్ పేరును తెలియదు. తమ అవ్వలు పిలిచిన పేరుతోనే వారు దానిని పిలిచి, తూచి, బుట్టలో వేయుచున్నారు.